మినిమమ్ కడుతూ పాయింట్లు ఏరుకోవడం

ప్రశ్న: ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. మొదటి ఏడాదే బ్యాంకువాళ్లు ఒక క్రెడిట్ కార్డు ఇచ్చారు. బిల్లు ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మాత్రం మినిమమ్ కడుతుంటాను. ఇప్పుడు 40,000 దాకా బాకీ ఉంది. ఈమధ్య ఇంకో బ్యాంకు నుంచి తెగ ఫోన్లు వస్తున్నాయి. పాయింట్లు ఎక్కువట, మొదటి ఏడాది ఫీజు లేదట, లిమిట్ కూడా పెద్దదట. నా స్నేహితురాలు ఒకామె పాయింట్లతోనే విమానం టికెట్ కొనుక్కుంది. మా నాన్నేమో ఉన్న కార్డును కూడా కత్తిరించి పారేయమంటున్నారు. రెండో కార్డు తీసుకోనా? తీసుకుంటే ఎలాంటిది తీసుకోవాలి? లేక నాన్న చెప్పిందే కరెక్టా?
- ఒక పాఠకురాలు

సమాధానం: మీరడిగినవి మూడు ప్రశ్నలు. వాటి జోలికి వెళ్లేముందు, మధ్యలో మీరు మామూలుగా అనేసి దాటిపోయిన మాట ఒకటి ఉంది. "చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మాత్రం మినిమమ్ కడుతుంటాను" అన్నారు. మీకు ఏ కార్డు మంచిదో తేల్చేది ఆ మాటే. ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేసేవారికి ఒక రకం కార్డు నప్పుతుంది, కట్టలేనివారికి ఇంకో రకం. ఇద్దరికీ పనికొచ్చే మంచి కార్డంటూ ఏదీ లేదు. మీ స్నేహితురాలు బహుశా మొదటి రకం. మీరు ప్రస్తుతానికి రెండో రకం. నొప్పించాలని అనడం లేదు. నేనూ కొన్నాళ్లు ఆ రెండో జాబితాలో ఉన్నాను, అదీ తెలియకుండా. ఆ కథ కాసేపాగి చెబుతాను.

బిల్లులో రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. మొత్తం బాకీ ఇంత, కనీసం కట్టాల్సింది ఇంత. ఈ రెండోది కట్టేస్తే బ్యాంకు మీ పేరు ఎగవేతల్లో రాయదు, లేటు ఫీజు వేయదు, ఫోన్ చేసి సతాయించదు. దాని ఉపయోగం అంతవరకే. మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదని రాశారు, నిజమే. ఏ నెలా ఆపకుండా వడ్డీ కడుతూ, అసలు మాత్రం మెల్లగా తీర్చే మనిషి అంటే బ్యాంకుకు చాలా ఇష్టం.

లెక్క వేసి చూద్దాం. కార్డు వడ్డీ ఒక్కో బ్యాంకుకు ఒక్కో రకంగా ఉంటుంది, మీది ఎంతో మీ స్టేట్‌మెంట్‌లోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. ఉదాహరణకు నెలకు నూటికి మూడు అనుకుందాం, మినిమమ్ బిల్లులో 5 శాతం అనుకుందాం. కొత్తగా ఏమీ కొనడం లేదనీ అనుకుందాం. 40,000 మీద మొదటి నెల వడ్డీ 1,200. బిల్లు 41,200 అవుతుంది. మినిమమ్ 2,060 కడతారు. అందులో 1,200 వడ్డీకే పోయింది, అసలులో తగ్గింది 860. ఇలా ఏడాది పాటు క్రమం తప్పకుండా మినిమమ్ కడితే మీ చేతి నుంచి వెళ్లేది సుమారు 22,000. బాకీ తగ్గేది మాత్రం దాదాపు 9,200. బాకీ సగానికి రావాలంటే 32 నెలలు పడుతుంది. సగానికి రావడానికి, తీరడానికి కాదు.

ఎందుకిలా అవుతుందంటే, బాకీ తగ్గే కొద్దీ మినిమమ్ కూడా తగ్గుతుంది. ఈ నెల 2,060, వచ్చే నెల 2,016, ఆపై నెల ఇంకొంచెం తక్కువ. బిల్లు దయతలచినట్టు కనిపిస్తుంది, మనమూ ఆ తగ్గిన అంకే కడతాం. ఇప్పుడొక చిన్న మార్పు చేయండి. మొదటి నెల కట్టిన ఆ 2,060నే, బిల్లు ఎంత తగ్గించి అడిగినా సరే, ప్రతి నెలా అంతే కట్టండి. బాకీ మొత్తం 30 నెలల్లో తీరిపోతుంది. అదే మొదటి అంకె, అదే వడ్డీ. ఒక దారిలో 32 నెలలకు సగం బాకీ ఇంకా మిగిలే ఉంది, ఇంకో దారిలో 30 నెలలకు సున్నా. నెలకు 4,000 కట్టగలిగితే పన్నెండు నెలల్లో దాదాపు తీరిపోయి, పదమూడో నెలకు ఒక చిన్న ముక్క మిగులుతుంది. మొత్తం వడ్డీ 8,300 దాకా అవుతుంది. ఇవన్నీ నెలవారీగా వేసిన సులువు లెక్కలు. బ్యాంకులు రోజువారీ బాకీ మీద వేస్తాయి కాబట్టి మీ బిల్లులో అంకెలు కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి, కథ మాత్రం మారదు.

నూటికి మూడు అంటే వడ్డీ వ్యాపారుల నోట వినే మాట. ఎవరైనా ఆ వడ్డీకి అప్పిస్తామంటే మీ నాన్నగారు ఆ గడప కూడా తొక్కనివ్వరు. అదే వడ్డీ మెరిసే ప్లాస్టిక్ ముక్క మీద వస్తే మనకు వడ్డీలా అనిపించదు. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటాం, కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి 42 దాటుతుంది.

మినిమమ్ అనే అంకె మన చేతిని ఎలా లాగుతుందో చూసినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త నీల్ స్టువర్ట్ 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే బిల్లును కొందరికి మినిమమ్ అంకెతో, కొందరికి అది లేకుండా చూపించి, ఎంత కడతారని అడిగారు. మొత్తం కట్టలేనివారిలో, ఆ అంకె చూసినవాళ్లు తక్కువ కడతామన్నారు. కనీసం ఇంత అని చెప్పడానికి పెట్టిన అంకె, ఇంత చాలులే అన్నట్టు పనిచేసిందన్నమాట. అదే ఏడాది అమెరికాలో వచ్చిన కార్డుల చట్టం, మినిమమ్ మాత్రమే కడితే బాకీ ఎన్నాళ్లకు తీరుతుందో బిల్లు మీదే ముద్రించాలని చెప్పింది. మీ బిల్లులో అలాంటి వరుస ఉంటే ఒకసారి చదవండి, నా లెక్కల కంటే అది బాగా పనిచేస్తుంది.

దీనికంటే ఎక్కువమందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కార్డు మీద కొన్నవాటికి కొన్నాళ్లు వడ్డీ ఉండదని అందరికీ తెలుసు. బిల్లు తయారయ్యే తేదీ ఒకటి, కట్టాల్సిన గడువు ఒకటి, వాటి మధ్య మామూలుగా మూడు వారాలు అటూ ఇటుగా ఉంటుంది. బిల్లు తయారైన మర్నాడు కొంటే దాదాపు యాభై రోజుల దాకా దొరుకుతుంది, బిల్లుకు ముందు రోజు కొంటే ఇరవై చిల్లర రోజులే. పెద్ద వస్తువు కొనే రోజును ఈ లెక్కతో ఎంచుకోవచ్చు. అయితే ఈ సౌకర్యం పాత బిల్లు మొత్తం కట్టినవారికే. బాకీలో కొంత మిగిల్చారంటే, చాలా బ్యాంకుల నిబంధనల ప్రకారం ఆ వెసులుబాటు పోతుంది. మిగిల్చిన ముక్క మీదే కాదు, ఈ నెల కొత్తగా కొన్న ప్రతి వస్తువు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే మీరు ఇప్పుడు కార్డుతో సరుకులు కొన్నా, బస్సు టికెట్ తీసుకున్నా, అదంతా మొదటి రోజు నుంచే వడ్డీ అప్పు. బాకీ ఉన్నన్నాళ్లూ ఆ కార్డును వాడొద్దని పట్టుబట్టేది ఇందుకే. డెబిట్ కార్డో నగదో వాడండి. ఫోన్‌లోని షాపింగ్ యాప్‌లలో దాచుకున్న ఆ కార్డు వివరాలను తీసేయండి. వేలిముద్ర వేస్తే చాలు కొనేసే ఏర్పాటు ఉన్నప్పుడు ఎవరి నిగ్రహమూ నిలవదు.

ఈ 40,000 తీర్చే డబ్బు కోసం ముందు మీ దగ్గరే వెతుక్కోండి. చాలామంది సేవింగ్స్ ఖాతాలో డబ్బు అలా ఉంచేసి, పక్కన కార్డు బాకీ మోస్తుంటారు. అక్కడ వచ్చే వడ్డీ చిటికెడు, ఇక్కడ పోయేది దోసెడు. ఆపదకు కొంత ఉంచుకుని మిగతాది ఇటు వేయండి. అలాంటి నిల్వ లేకపోతే, బ్యాంకులో మామూలు వ్యక్తిగత రుణం ఎంత వడ్డీకి ఇస్తారో అడగండి. స్థిరమైన జీతం ఉన్నవారికి అది చాలాసార్లు కార్డు వడ్డీ కంటే బాగా తక్కువకే దొరుకుతుంది, పైగా ఎప్పటికి తీరుతుందో ముందే తెలుస్తుంది. బ్యాంకును అడిగితే కార్డు బాకీనే వాయిదాలుగా మారుస్తుంది, అప్పుడూ వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు రెండూ అడిగి పోల్చుకోవాలి. ఇలా ఏదో ఒక దారిలో బాకీ దించేశాక, ఖాళీ అయిన కార్డును మళ్లీ నింపితే మాత్రం రెండు అప్పులవుతాయి. నేను చూసిన ఇబ్బందుల్లో సగం ఇలా వచ్చినవే.

ఫోన్ చేస్తున్న బ్యాంకు కూడా ఇక్కడ ఒక పనికి రావచ్చు. పాత కార్డు బాకీని కొత్త కార్డుకు మార్చుకునే వీలు ఉందా అని అడగండి. దాన్ని బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు. కొన్ని నెలలు తక్కువ వడ్డీ, లేదా అసలు వడ్డీ లేకుండా ఇస్తారు. ఎన్ని నెలలు, మార్చినందుకు ఫీజు ఎంత, ఆ నెలలు దాటాక వడ్డీ ఎంత, మధ్యలో ఒక వాయిదా తప్పితే ఆ రాయితీ పోతుందా, ఈ నాలుగూ కాగితం మీదో మెయిల్‌లోనో తీసుకోండి. ఆ గడువు లోపల తీర్చేయగలనని లెక్క తేలితేనే ఒప్పుకోండి. ఆ కొత్త కార్డుతో ఏమీ కొనకండి. మీ పరిస్థితిలో రెండో కార్డు తీసుకోవడానికి నాకు కనిపించే కారణం ఇదొక్కటే. పాయింట్ల కోసమైతే ఇప్పుడు వద్దు.

పాయింట్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ స్నేహితురాలి టికెట్ మీ మనసులో తిరుగుతోంది. మనం కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు ఆ బిల్లులో కొంత శాతం బ్యాంకుకు, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌కు ఫీజుగా ఇచ్చుకుంటాడు. అందులో ఒక ముక్క, మీలాంటివారు కట్టే వడ్డీలో ఒక ముక్క, వార్షిక ఫీజుల్లో ఒక ముక్క కలిపితేనే పాయింట్లు. పాయింట్ల విలువ ఖర్చులో ఒక శాతం అనుకోండి. నెలకు 3 శాతం వడ్డీ కడుతూ 1 శాతం వెనక్కి రాబట్టుకోవడం కుండకు చిల్లు పెట్టి చెంచాతో నీళ్లు పోయడమే. మీ స్నేహితురాలు నెలనెలా మొత్తం కట్టేస్తూ, ఎలాగూ పెట్టే ఖర్చునే కార్డు మీద పెడుతూ ఉంటే ఆమె టికెట్ నిజంగానే ఉచితం. పాయింట్ల కోసం ఖర్చు పెంచుకుని ఉంటే ఆ టికెట్‌కు ఆమె ముందే డబ్బు కట్టేసింది, అది తెలియలేదంతే.

ఖర్చు పెరగడం కూడా ఊహ కాదు. అమెరికాలోని ఎంఐటీలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు ఆచార్యులు బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లను విద్యార్థుల మధ్య వేలానికి పెట్టారు. గెలిస్తే నగదు కట్టాలని కొందరికి, క్రెడిట్ కార్డుతో కట్టాలని కొందరికి చెప్పారు. కార్డువాళ్లు పాడిన పాట నగదువాళ్ల పాటకు దాదాపు రెట్టింపు. 2001లో ప్రచురించారు దీన్ని. వ్యాపారం చదువుకునే పిల్లలే అలా పాడితే మనమెంత!

కార్డు మొదట్లో ఇలా ఉండేది కాదు. 1950లో న్యూయార్క్‌లో మొదలైన డైనర్స్ క్లబ్ కార్డుతో నెలంతా ఖాతా రాయించుకోవచ్చు, నెలాఖరుకు మొత్తం కట్టేయాల్సిందే. కొంత కట్టి మిగతాది వడ్డీతో ముందుకు జరుపుకునే పద్ధతి బ్యాంకు కార్డులతో పాతుకుపోయింది. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్లో 60,000 కార్డులను జనం అడగకుండానే పోస్టులో పంపింది. ఆ కార్డే 1976లో వీసా అనే పేరు పెట్టుకుంది. (అడగకుండా మీకు వస్తున్న ఫోన్లకు అంత పాత చరిత్ర ఉంది.) బాకీ తీరాక మీ కార్డును 1950 నాటి కార్డులాగే వాడండి. బ్యాంకు ఇచ్చిన లిమిట్ ఎంతన్నది మర్చిపోండి. అది మీ జీతం చూసి బ్యాంకు తన కోసం వేసుకున్న లెక్క. మీ లిమిట్ మీరే పెట్టుకోండి, యాప్‌లో తగ్గించే వీలుంటే అక్కడే తగ్గించేయండి.

ఇప్పుడు నా కథ. మర్చిపోతానేమోనని నేను ఆటో డెబిట్ పెట్టుకున్నాను. గడువు రోజున ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోతుంది, టెన్షన్ లేదు. ఫారంలో మొత్తం బాకీ, మినిమమ్ బాకీ అని రెండు గడులు ఉన్నాయట. నేను ఏ గడిలో టిక్ పెట్టానో చూసుకోలేదు. డబ్బు కట్ అయినట్టు మెసేజ్ రావడం, నేను నిశ్చింతగా ఉండటం. ఏడు నెలల తర్వాత ఒక వస్తువు కొనబోతే కార్డు లిమిట్ అయిపోయిందన్నారు. అప్పుడు స్టేట్‌మెంట్లన్నీ ముందేసుకుని కూర్చుంటే, ప్రతి దాంట్లో వడ్డీ అనే వరుస ఉంది. ఏడు నెలలు దాన్ని నేను చూడలేదు, ఎందుకంటే స్టేట్‌మెంట్ తెరిస్తే కదా! తప్పు నాదే. మీరు ఆటో డెబిట్ తప్పకుండా పెట్టుకోండి, మొత్తం బాకీకే పెట్టుకోండి, గడువుకు రెండు మూడు రోజుల ముందు ఖాతాలో అంత డబ్బు ఉందో లేదో చూసుకోండి. ఖాతాలో లేక డెబిట్ తిరిగొస్తే ఇటు బ్యాంకు, అటు కార్డు ఇద్దరూ ఫీజు వేసే ప్రమాదం ఉంది. ఇంకోటి, వస్తువు వాపసు ఇచ్చినప్పుడు వచ్చే రీఫండ్‌ను మనం కట్టినట్టుగా చాలాచోట్ల లెక్కించరు. రీఫండ్ వచ్చింది కదా, ఈ నెల కట్టనక్కర్లేదులే అని ఊరుకుంటే లేటు ఫీజు పడుతుంది.

కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం గురించి ఒక్క మాట: తీయకండి. తీసిన క్షణం నుంచే వడ్డీ, దానిపైన విడిగా ఫీజు. కొన్నవాటికి ఇచ్చే వడ్డీలేని రోజులు నగదుకు ఉండవు.

బాకీ తీరిన తర్వాత ఏదో ఒక రోజు మీరు రెండో కార్డు ఎంచుకుంటారు. అప్పుడు వీసా మంచిదా, మాస్టర్‌కార్డ్ మంచిదా అని ఎవరినీ అడగకండి. అవి డబ్బు అటూ ఇటూ నడిపే దారులు మాత్రమే. అప్పిచ్చేది, వడ్డీ వేసేది, ఫీజు పెట్టేది బ్యాంకు. నిబంధనలు చూడాల్సింది అక్కడ. గత మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసి మీ డబ్బు నిజంగా ఎక్కడికి పోతోందో చూడండి. సరుకులకు, పెట్రోలుకు పోతుంటే విమాన మైళ్ల కార్డు మీకెందుకు? ఏడాదికి ఒక్కసారి విమానం ఎక్కేవారికి లాంజ్ సౌకర్యం ఉన్న కార్డు అంటగట్టడం ఈ వ్యాపారంలో మామూలు. వార్షిక ఫీజు 1,000 ఉండి, వెనక్కి వచ్చేది 1 శాతం అయితే ఏడాదికి లక్ష ఖర్చు పెడితే గానీ ఫీజు రాబట్టుకోలేరు. లాభం ఆ పైనే మొదలవుతుంది. ఇంత ఖర్చు పెడితే ఫీజు మాఫీ అంటారు. ఆ గీత మీ మామూలు ఖర్చుకు లోపలే ఉంటే మంచిది. ఫీజు తప్పించుకోవడానికి ఆఖరి నెలలో అక్కర్లేనివి కొన్నవాళ్లను నేనెరుగుదును. మొదటి ఏడాది ఉచితం అన్నారంటే రెండో ఏడాది ఫీజు ఎంతో అడగాలి, ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకోవాలి. పాయింట్లకు గడువు ఉందా, ఒక పాయింటు నిజంగా ఎంతకు మారుతుంది అనేవి కూడా చూడండి. నాకైతే పాయింట్ల కంటే నేరుగా బిల్లులో తగ్గించే క్యాష్‌బ్యాక్ నయం అనిపిస్తుంది. లెక్క దాచడానికి చోటు తక్కువ.

వడ్డీ లేని ఈఎంఐ అని కనిపిస్తే కాసేపు ఆగండి. ఒకేసారి డబ్బు కట్టేవారికి ఇచ్చే తగ్గింపు మీకు రావడం లేదేమో చూడండి, ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో చూడండి. చాలాసార్లు వడ్డీ వేరే పేరుతో అక్కడే ఉంటుంది. పైగా మొత్తం తీరేదాకా ఆ మేరకు మీ లిమిట్ బిగిసిపోయి ఉంటుంది.

క్రెడిట్ స్కోరు గురించి మీరు అడగలేదు గానీ, బాకీ కొంచెం ఉంచితే స్కోరు పెరుగుతుందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది తప్పు. సమయానికి కట్టడం, లిమిట్‌లో తక్కువ వాడటం స్కోరుకు మంచివి, వడ్డీ కట్టడం వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. లిమిట్‌లో 30 శాతం దాటకుండా వాడమని సాధారణంగా చెబుతారు. బ్యాంకులు మీ బాకీ ఎంతో ఎప్పటికప్పుడు స్కోరు వేసే సంస్థలకు పంపుతాయి. కాబట్టి ఏదైనా లోన్‌కు అప్లై చేయబోయే నెలలో బిల్లు రాకముందే కొంత కట్టేస్తే అంకె బాగా కనిపిస్తుంది. వరసపెట్టి నాలుగైదు కార్డులకు దరఖాస్తు పెట్టడం మాత్రం వద్దు, ప్రతి దరఖాస్తూ రికార్డులోకి ఎక్కుతుంది.

ఆ ఫోన్లు నిజంగా బ్యాంకు నుంచే వస్తున్నాయా అన్న అనుమానం నాకు ఉంది, మీకూ ఉండాలి. మోసగాళ్లు మీ కార్డు మొదటి అంకెలు చదివి వినిపించి నమ్మిస్తారు. ఆ అంకెలు రహస్యమేమీ కావు. అవి నెట్‌వర్క్‌ను, బ్యాంకును తెలిపే అంకెలు, వీసా కార్డులన్నీ 4తోనే మొదలవుతాయి. చివరి అంకె కూడా మిగతావాటిని బట్టి వచ్చేదే. నంబరు తప్పు పడితే పట్టుకోవడానికి ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ 1960లో పేటెంట్ పొందిన సూత్రంతో దాన్ని లెక్కిస్తారు. కాబట్టి మీ నంబరులో నాలుగు అంకెలు చెప్పినంత మాత్రాన వాళ్లు బ్యాంకువాళ్లు అయిపోరు. ఓటీపీ, వెనక ఉన్న మూడంకెల సీవీవీ ఫోన్‌లో ఎవరికీ చెప్పకండి. కార్డు కావాలనిపిస్తే ఆ ఫోన్ పెట్టేసి, మీరే బ్యాంకు యాప్‌లోనో శాఖలోనో అడగండి. ప్రతి లావాదేవీకి మెసేజ్ వచ్చేలా పెట్టుకుని, మీరు చేయని ఖర్చు కనిపిస్తే ఆ రోజే కార్డు లాక్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. ఫిర్యాదులకు గడువు ఉంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ భారం మన మీదకు జరుగుతుంది. ఉచిత ట్రయల్ అని కార్డు నంబరు ఇచ్చి మర్చిపోయిన చందాలు ఏమైనా ఉన్నాయేమో కూడా ఈ వంకన చూసుకోండి. ప్రతి ఒక్కరికీ ఒకటో రెండో దొరుకుతాయి.

ఇక నాన్నగారు. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని నమ్మే తరం, ఆ మాటలో తప్పు పట్టడానికి నాకు ధైర్యం లేదు. ఆయన చెప్పిన కత్తెర వైద్యంతో మాత్రం చిక్కుంది. కార్డు రెండు ముక్కలవుతుంది, ఖాతా అలాగే ఉంటుంది. బాకీ ఉంటుంది, వడ్డీ ఉంటుంది, వార్షిక ఫీజు వస్తుంది, కార్డుకు కట్టిపెట్టిన చందాలు కూడా వస్తూనే ఉంటాయి. కార్డు వదిలించుకోవాలంటే బాకీ సున్నా చేసి, ఆటో డెబిట్లు వేరే ఖాతాకు మార్చి, ఖాతా మూసేయమని బ్యాంకును రాతపూర్వకంగా అడిగి, మూసేసినట్టు వాళ్ల నుంచి కాగితం తీసుకోవాలి. మీ విషయంలో అంత అవసరం లేదనుకుంటాను. ఫీజు లేని పాత కార్డు అయితే ఉంచుకోండి. మూడేళ్ల చరిత్ర దాని మీదే ఉంది, మూసేస్తే మీ మొత్తం లిమిట్ కూడా తగ్గుతుంది. అయితే మిమ్మల్ని మీకంటే మీ నాన్నగారే బాగా ఎరుగుదురు. కార్డు చేతిలో ఉంటే ఆగలేనని మీకే అనిపిస్తే, బాకీ తీరే దాకా దాన్ని ఆయన బీరువాలోనే ఉంచండి. ఆయనకూ సంతోషంగా ఉంటుంది.

మొత్తం కట్టేసిన తర్వాతి నెల బిల్లులో ఒక చిన్న అంకె మళ్లీ కనిపిస్తే కంగారుపడకండి. బిల్లు తయారైన రోజుకు, మీరు కట్టిన రోజుకు మధ్య నడిచిన వడ్డీ అది, అప్పటికి లెక్కలోకి రాలేదు. తీరిపోయిందిలే అని స్టేట్‌మెంట్ తెరవకుండా వదిలేస్తే ఆ చిన్న ముక్కకే లేటు ఫీజు తగులుకోవచ్చు. అదీ కట్టి, ఆ తర్వాతి నెల బిల్లు సున్నా వచ్చిందో లేదో చూసుకోండి.